పగలు ఇన్‌ఫ్రారెడ్, రాత్రి అరోరా: ఒకే ఫుల్ స్పెక్ట్రమ్ బాడీతో రెండూ కుదురుతాయా?

ధ్రువతార (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ రెండో వారంలో ఉత్తర స్వీడన్‌లోని అబిస్కో, అటుపైన నార్వేలోని ట్రోమ్సో, సేన్యా వైపు ప్రయాణం. పగలు ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతల, కంటికి కనబడని కాంతి) ఫొటోలు, రాత్రి అరోరా (ధ్రువ ప్రాంతాల ఆకాశంలో తెరల్లా కదిలే రంగుల వెలుగు) తీయాలని. బరువు తగ్గించుకోవాలి కాబట్టి ఒకే బాడీ తీసుకెళ్లాలని ఉంది. అది ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్. సెన్సర్ ముందుండే హాట్ మిర్రర్ (ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్) తీయించి, అదే మందం ఉన్న క్లియర్ గ్లాస్ వేయించినది, అంటే ఫుల్ స్పెక్ట్రమ్. లెన్సులు రెండు: 14 మిల్లీమీటర్లు ఎఫ్/1.8 (ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, స్క్రూ ఫిల్టర్ పట్టదు, వెనక జెల్ ఫిల్టర్ దూర్చే గాడి ఉంది), 24 మిల్లీమీటర్లు ఎఫ్/1.4 (మామూలు స్క్రూ ఫిల్టర్ పడుతుంది). ఫిల్టర్లు రెండు: 720 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఒకటి (దానికి పైనున్న కాంతినే వదిలేది), యూవీ-ఐఆర్ కట్ ఒకటి (కంటికి కనబడే కాంతినే వదిలేది).

సందేహాలు ఇవీ. రాత్రి యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ బిగిస్తే ఈ బాడీ మామూలు కెమెరాలాగే పనిచేస్తుందా? అసలు ఏ ఫిల్టరూ లేకుండా అరోరా తీస్తే వెలుతురు ఎక్కువ వస్తుంది కదా, షట్టర్ తగ్గించుకోవచ్చా? ఆ రోజులకు అక్కడి బర్చ్ ఆకులు పసుపు తిరుగుతాయి, మరి ఇన్‌ఫ్రారెడ్‌లో పచ్చని ఆకులకు వచ్చే తెల్లదనం మిగులుతుందా? రెండింటికీ ఎక్స్‌పోజర్ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.


నల్లకటకం:

ధ్రువతార గారూ, ముందు రాత్రి సంగతి. మీ ప్లాన్ దెబ్బతినేది అక్కడే.

అరోరా తీసేటప్పుడు లెన్స్ ముందు చదునైన ఫిల్టర్ ఏదీ ఉండకూడదు. యూవీ ప్రొటెక్టర్ అయినా, ఎంత ఖరీదైన కట్ ఫిల్టర్ అయినా సరే. అరోరా ఆకుపచ్చ దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, ఆక్సిజన్ పరమాణువు ఇచ్చే 557.7 నానోమీటర్ల గీత. ఫిల్టర్ గాజుకు రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటాయి. వాటి మధ్య ఒకసారి వెనక్కీ ముందుకూ తిరిగొచ్చిన కాంతి, నేరుగా దాటిన కాంతితో కలిసినప్పుడు కొన్ని కోణాల్లో బలపడుతుంది, కొన్ని కోణాల్లో చెరిగిపోతుంది. ఫలితంగా ఫ్రేమ్ మధ్య నుంచి గుండ్రటి వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి పడతాయి. పగటి వెలుతురులో అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఆ వలయాలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి, కనబడవు. అరోరాలో కలవవు. కెమెరా వెనక తెర మీద తెలియకపోవచ్చు. ఇంటికొచ్చి కాంట్రాస్ట్ కాస్త పెంచగానే బయటపడతాయి. అప్పుడు తీసేయడానికి సరైన దారి లేదు, ఎందుకంటే వలయాలు కదిలే అరోరా తెరల మీద పడి ఉంటాయి. కోటింగ్ మంచిదైతే వలయాలు పలచబడతాయి, పూర్తిగా పోవు.

అయితే ఫిల్టరే లేకుండా తీద్దామా అంటే, మూడు నష్టాలు.

మొదటిది రంగు. హాట్ మిర్రర్ లేని సెన్సర్ 700 నానోమీటర్లు దాటిన కాంతిని కూడా తీసుకుంటుంది. రాత్రి ఆకాశంలో ఆ ప్రాంతం ఖాళీగా ఉండదు. దాదాపు 87 కిలోమీటర్ల ఎత్తున హైడ్రాక్సిల్ అణువులు ఇచ్చే ఎయిర్‌గ్లో (రాత్రి ఆకాశం తనంతట తాను ఇచ్చే పలచని వెలుగు) బలమంతా అక్కడే. అరోరాలోని నైట్రోజన్ పట్టీలు కూడా ఎరుపు నుంచి ఇన్‌ఫ్రారెడ్ లోపలికి సాగుతాయి. సెన్సర్ మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు 800 దాటాక ఇంచుమించు ఒకేలా తెరుచుకుంటాయి. అందువల్ల ఆ కాంతి మూడు చానెళ్లలోనూ పడి రంగులను వెలిసిపోయేలా చేస్తుంది. 700 నుంచి 800 వరకు ఉన్నది ఎక్కువగా ఎరుపు చానెల్లోకే వెళ్తుంది. మొత్తానికి ఆకాశం మీద గులాబీ ముసుగు, దాని కింద పాలిపోయిన ఆకుపచ్చ. వైట్ బ్యాలెన్స్‌తో దాన్ని సరిచేయబోతే ఆకుపచ్చ కూడా చెడుతుంది.

రెండోది షార్ప్‌నెస్. మామూలు లెన్సులు దృశ్యకాంతికి సరిచేసినవి. ఇన్‌ఫ్రారెడ్ వాటిలో వేరే చోట ఫోకస్ అవుతుంది. ఎఫ్/1.4 దగ్గర ప్రతి నక్షత్రం చుట్టూ ఎర్రటి వలయం మిగులుతుంది. మూడోది, మీరు ఆశించిన లాభం రాదు. అదనంగా వచ్చే వెలుతురులో ఎక్కువ భాగం ఎయిర్‌గ్లోదే. అరోరాకు బలమైన 557.7, 630.0 గీతలు రెండూ మామూలు కెమెరా చూసే పరిధిలోనే ఉన్నాయి. షట్టర్ తగ్గించగలిగేంత తేడా అరోరా మీద కనబడదు.

అంటే ఫిల్టర్ కావాలి, కానీ ముందు కాదు, లెన్స్ వెనక. వెనక కాంతి శంఖాకారంలో కూడుకుంటూ వస్తుంది కాబట్టి కోణాలన్నీ కలిసి వలయాలు చెరిగిపోతాయి. మీ 14 మిల్లీమీటర్ల లెన్స్‌కు జెల్ గాడి ఉంది. ఆ కొలతకు కోసిన పలచని యూవీ-ఐఆర్ కట్ గాజు దొరికితే అది చాలు. 24కి మౌంట్ లోపల కూర్చునే క్లిప్ ఫిల్టర్ వాడాలి. క్లిప్ ఫిల్టర్‌తో ఒక చిక్కు ఉంది. లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య గాజు పలక పెడితే ఫోకస్, పలక మందంలో దాదాపు మూడో వంతు వెనక్కి జరుగుతుంది. 1 మిల్లీమీటర్ గాజుకు 0.33 మిల్లీమీటర్లు. దాన్ని ముందుకు లాగాలంటే లెన్స్‌ను ఇన్ఫినిటీ దాటించి తిప్పగలగాలి. ఆటోఫోకస్ లెన్సులు చాలావాటిలో ఆ వెసులుబాటు ఉంటుంది. ఇన్ఫినిటీ దగ్గరే గట్టిగా ఆగిపోయే మాన్యువల్ లెన్సుల్లో ఉండదు. మూలల్లో నక్షత్రాలు కాస్త సాగుతాయి, ఎఫ్/2 కి మూసుకుంటే సర్దుకుంటుంది. బయలుదేరక ముందే ఇంటి దగ్గర నక్షత్రాల మీద పరీక్షించండి.

వైడ్ లెన్స్ ముందు కట్ ఫిల్టర్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇవి చాలావరకు డైక్రోయిక్ ఫిల్టర్లు, పలచని పొరల అంతరాలతో కోసేవి. కాంతి వాలుగా వస్తే కోత నీలం వైపు జరుగుతుంది. నిటారుగా 690 దగ్గర కోసే ఫిల్టర్, 14 మిల్లీమీటర్ల లెన్స్ మూలకు వచ్చే 57 డిగ్రీల వాలులో సుమారు 610 నుంచి 625 మధ్యే కోసేస్తుంది. అంటే 630 ఎరుపు మూలల్లో మాయం. 24 మిల్లీమీటర్లకు మూల కోణం 42 డిగ్రీలు కాబట్టి ఆ ఎరుపు కొద్దిలో తప్పించుకుంటుంది. మూలలు పచ్చగా, మధ్యలో ఎర్రగా ఉన్న అరోరా పనోరమాల్లో కొన్నింటి వెనక కథ ఇదే.

వెనక ఫిల్టర్‌తో ఈ బాడీకి ఒక మేలు కూడా ఉంది. ఫ్యాక్టరీ కెమెరాల్లోని ఫిల్టర్ 630 దగ్గరే తగ్గించడం మొదలుపెడుతుంది. మీది 690 దాకా పూర్తిగా వదులుతుంది. పైన 200 కిలోమీటర్ల ఎత్తు దాటాక కనబడే ఎరుపు మీకు నిండుగా వస్తుంది. అది చూస్తే ఈ తంటాలన్నీ పడ్డందుకు ఫలితం దక్కినట్టే.


ఆకుతెలుపు:

నల్లకటకం గారు రాత్రి గురించి చెప్పారు కాబట్టి నేను పగటి గురించి.

ఆకులు పసుపు తిరిగినా ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగానే వస్తాయి. పచ్చదనం క్లోరోఫిల్ పని, ఇన్‌ఫ్రారెడ్ తెల్లదనం ఆకు లోపలి కణాల అమరిక పని. కణాలకూ వాటి మధ్య గాలి ఖాళీలకూ నడుమ కాంతి చెదిరి బయటికొస్తుంది, క్లోరోఫిల్ ఆ ప్రాంతంలో దాదాపు ఏమీ పీల్చుకోదు. శరదృతువులో ముందు పోయేది క్లోరోఫిల్. కణాల అమరిక ఆకు ఎండి గోధుమ రంగు తిరిగేదాకా నిలుస్తుంది. 1910లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ప్రచురించిన ఫొటోల నుంచి ఈ ప్రభావానికి వుడ్ ఎఫెక్ట్ అని పేరు. కాబట్టి కొండ మీద పసుపు, ఎరుపు, ఆకుపచ్చ కలగాపులగంగా ఉన్నా 720లో అంతా ఒకే తెలుపు. రంగుల తేడా పోతుంది కాబట్టి కంపోజిషన్ ఆకారాల మీద నిలబడాలి. అబిస్కోలో లాపోర్టెన్ కనుమ అందుకు బాగా నప్పుతుంది. ముందు తెల్లటి బర్చ్ అడవి, వెనక యూ ఆకారపు నల్లని రాతి గీత, పైన ముదురు ఆకాశం.

అందుకే ఈ రెండు పనులకూ కలిపి నేను చెప్పే కాలం సెప్టెంబరే. జూన్, జూలైలలో ఆకు బలంగా ఉంటుంది గానీ చీకటి పడదు. ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 ప్రాంతం దాకా సూర్యుడు అస్తమించడు. డిసెంబర్‌లో చీకటి ఉంటుంది గానీ బర్చ్ మోడు, సూర్యుడు క్షితిజం పైకి రాడు. పైన్, స్ప్రూస్ మాత్రం చలికాలంలోనూ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతాయి, వాటికైనా ఎండ కావాలి. సెప్టెంబర్‌లో ఆకూ ఉంటుంది, అర్ధరాత్రి అరోరాకు సరిపడా చీకటీ ఉంటుంది, సరస్సులు గడ్డకట్టవు కాబట్టి ప్రతిబింబమూ దొరుకుతుంది. పైగా విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రం సౌర గాలికి (సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహానికి) అనువైన వాలులో ఉంటుంది, అలజడులు పెరుగుతాయి. శాస్త్రవేత్తలు రసెల్, మెక్‌ఫెరాన్ 1973లో వివరించిన సంగతి ఇది.

వెలుతురు గురించి. విషువత్తు నాటికి ట్రోమ్సోలో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 20 డిగ్రీలు మాత్రమే. అది ఇన్‌ఫ్రారెడ్‌కు చెడ్డదేం కాదు. గాలి నీలాన్ని చెదరగొట్టినంతగా ఇన్‌ఫ్రారెడ్‌ను చెదరగొట్టలేదు. 800 దగ్గర చెదరడం 550 దగ్గరి దానిలో నాలుగో వంతు కంటే తక్కువ. అందుకే ఆకాశం నల్లబడుతుంది, అందుకే నీడలు కూడా గట్టిగా నల్లబడతాయి, వాటిని నింపే ఆకాశపు వెలుతురు ఇన్‌ఫ్రారెడ్‌లో ఉండదు. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు. లోయకు ఏ వైపు వాలు మీద ఎండ పడుతుందో మ్యాపులో ముందే చూసుకోండి. నీడలో ఉన్న వాలు మీద తెల్లని ఆకులు రావు. మబ్బు పట్టిన రోజు వుడ్ ఎఫెక్ట్ చప్పబడిపోతుంది. ఆ రోజు నీళ్ల వైపు వెళ్లండి, టోర్నెట్రాస్క్ సరస్సు ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లటి అద్దం.

సెట్టింగులు: ఐఎస్ఓ 200, ఎఫ్/8, సెకనులో 60వ వంతు. అక్కడ మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుతురు ఎంతెంత పడిందో చూపే గ్రాఫ్) చూసి సరిచేసుకోండి. ఎరుపు చానెల్ ముందు నిండుతుంది, దాన్నే చూడండి. ఎఫ్/8 దాటొద్దు. రెండు కారణాలు: తరంగదైర్ఘ్యం పెరిగితే డిఫ్రాక్షన్ (చిన్న అపర్చర్ దగ్గర కాంతి వంగి బిందువు చుక్కలా పరుచుకోవడం) కూడా పెరుగుతుంది, 800 దగ్గర ఎఫ్/8 వేసే చుక్క వ్యాసం 15.6 మైక్రోమీటర్లు, పచ్చకాంతిలో ఎఫ్/11 వేసే చుక్కతో ఇంచుమించు సమానం. రెండోది హాట్ స్పాట్. కొన్ని లెన్సుల్లో లోపలి కోటింగులు ఇన్‌ఫ్రారెడ్‌ను సెన్సర్‌కూ గాజులకూ మధ్య తిప్పి ఫ్రేమ్ నడుమ పాలిపోయిన గుండ్రటి మచ్చ వేస్తాయి. అపర్చర్ మూసేకొద్దీ అది చిన్నదై, గట్టిపడుతుంది. బయలుదేరక ముందు మీ 24ను తెల్లని మబ్బుకో, ఖాళీ గోడకో గురిపెట్టి ఎఫ్/2.8 నుంచి ఎఫ్/16 దాకా ఒక్కో స్టాప్‌కు (వెలుతురు రెట్టింపు లేదా సగం అయ్యే మెట్టు) ఒక ఫ్రేమ్ తీసి చూడండి. మచ్చ ఎఫ్/5.6కే కనబడితే ఆ లెన్స్‌ను పగటి పనికి వదిలేయడం మంచిది. ఒక పాత మామూలు జూమ్ దానికంటే బాగా పనిచేయవచ్చు, ధరకూ హాట్ స్పాట్‌కూ సంబంధం లేదు.

వైట్ బ్యాలెన్స్ కెమెరాలోనే ఫిల్టర్ బిగించి, ఎండలో ఉన్న గడ్డి మీద కస్టమ్‌గా పెట్టండి. ఇది ప్రివ్యూ కోసమే, తీసేది రా ఫైల్ (సెన్సర్ ఇచ్చిన ముడి డేటా) కాబట్టి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో తెరిస్తే మళ్లీ ఎర్రగా కనబడుతుంది. దాని స్లైడర్ 2000 కెల్విన్ కిందికి దిగదు, ఇన్‌ఫ్రారెడ్‌కు అది చాలదు. అడోబ్ డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో కలర్ మ్యాట్రిసెస్ ట్యాబ్‌కు వెళ్లి టెంపరేచర్‌ను మైనస్ 100కు లాగి, మీ కెమెరా పేరుతో ప్రొఫైల్ ఎగుమతి చేసుకుంటే చిక్కు తీరుతుంది. డార్క్‌టేబుల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే చానెల్ గుణకాలు నేరుగా మార్చుకోవచ్చు, ప్రొఫైల్ అవసరం రాదు. తర్వాత ఫొటోషాప్ చానెల్ మిక్సర్‌లో ఎరుపు అవుట్‌పుట్‌కు ఎరుపు 0, నీలం 100. నీలం అవుట్‌పుట్‌కు ఎరుపు 100, నీలం 0. ఆకాశం నీలం తిరుగుతుంది, ఆకులు తెలుపులో లేత పసుపు. నా అభిప్రాయం అడిగితే, ఉత్తరపు రాళ్లకూ నీళ్లకూ నలుపు తెలుపే అందం. చానెల్ మార్పిడి ఎండ మెండుగా ఉండే చోట్లకు నప్పుతుంది.


ధ్రువతార:

ఇద్దరికీ ధన్యవాదాలు. వలయాల సంగతి తెలియక ముందు ఫిల్టర్‌తోనే వెళ్లేవాడిని. ఇంకో రెండు సందేహాలు. బాడీకి శాశ్వతంగా 590 లేదా 720 ఫిల్టరే వేయించుకున్నవాళ్లకు అరోరా అసలు పడదా? వెన్నెల రాత్రి నేలను ఇన్‌ఫ్రారెడ్‌లో, ఆకాశాన్ని మామూలుగా తీసి కలపడం సాధ్యమేనా?


చీకటిచూపు:

మొదటి దానికి సూటిగా: 720 కన్వర్షన్ 557.7, 630.0 రెండింటినీ ఆపేస్తుంది. మిగిలేది నైట్రోజన్ ఇన్‌ఫ్రారెడ్ పట్టీలు, ఆక్సిజన్ 777.4, 844.6 గీతలు. బలమైన అరోరా అయితే ఆకారం పడుతుంది గానీ ఎయిర్‌గ్లో ముసుగులోంచి, రంగు లేకుండా. 590 కన్వర్షన్ ఎరుపును వదులుతుంది, ఆకుపచ్చను ఆపుతుంది. అరోరాలో కళ్లకు కనబడే సగభాగం పోయినట్టే. కాబట్టి ఫుల్ స్పెక్ట్రమ్ చేయించుకోవడం మీ విషయంలో సరైన నిర్ణయం.

వెన్నెల ఇన్‌ఫ్రారెడ్ సాధ్యమే. లెక్క చూడండి. పౌర్ణమి వెన్నెల ఎండకంటే సుమారు 4,00,000 రెట్లు తక్కువ, స్టాప్‌లలో 18.6. ఆకుతెలుపు గారు చెప్పిన పగటి కొలత ఐఎస్ఓ 200, ఎఫ్/8, 60వ వంతు. దాన్ని 4,00,000తో హెచ్చిస్తే దాదాపు 6,700 సెకన్లు. ఎఫ్/2.8కు తెరిస్తే మూడు స్టాప్‌లు, సుమారు 830 సెకన్లు. ఐఎస్ఓ 3200కు పెంచితే ఇంకో నాలుగు, సుమారు 52 సెకన్లు. ఎఫ్/1.4లో 13 సెకన్లు. చంద్రుడి ఉపరితలం ఇన్‌ఫ్రారెడ్‌లో కాస్త ఎక్కువగా ప్రతిఫలిస్తుంది కాబట్టి ఈ అంకెలు ఆచరణలో కొంచెం మీ వైపే ఉంటాయి. ఇదంతా పౌర్ణమికి, చంద్రుడు 20 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు. అర్ధచంద్రుడి వెలుతురు పౌర్ణమిలో సగం కాదు, పదో వంతు. అప్పుడు ఎఫ్/1.4లోనూ రెండు నిమిషాలు దాటుతుంది.

అంత సేపు ఎక్స్‌పోజర్ ఇచ్చే ముందు బాడీని పరీక్షించాలి. కొన్ని కెమెరాల్లో షట్టర్ స్థానం కనిపెట్టడానికి లోపల చిన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఉంటుంది. ఫ్యాక్టరీ ఫిల్టర్ ఉన్నంతకాలం అది ఫొటోలో పడదు. ఫుల్ స్పెక్ట్రమ్ బాడీలో ఒక అంచు నుంచి పొగలాంటి వెలుగు పాకుతుంది. చీకటి గదిలో లెన్స్ తీసి బాడీ క్యాప్ పెట్టి, మీద నల్లగుడ్డ కప్పి, ఐఎస్ఓ 3200, 60 సెకన్లు ఇవ్వండి. ఫైల్ తెరిచి నాలుగు స్టాప్‌లు పెంచి చూడండి. అంచున మచ్చ ఉంటే, అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో క్యాప్ పెట్టి తీసిన డార్క్ ఫ్రేమ్‌ను ఫొటోలోంచి తీసివేయడమే మార్గం. అరోరా షాట్లు 12 సెకన్ల లోపే కాబట్టి వాటిలో సాధారణంగా బయటపడదు.

ఫుల్ స్పెక్ట్రమ్ బాడీకి మామూలు కెమెరా చూడని దీపాలు చాలా కనబడతాయి. ముఖం గుర్తుపట్టి తెరుచుకునే ఫోన్లు ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు వెదజల్లుతాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నడుస్తుండగా పక్కన ఎవరైనా ఫోన్ తెరిస్తే, 720 ఫిల్టర్ ఉన్నా, దగ్గరి మంచు మీద, రాళ్ల మీద ఆ వెలుగు పడే అవకాశం ఉంది. ఫోన్‌లో ఆ సదుపాయం ఆపేసుకోండి, అంకెలు నొక్కి తెరవండి.

ఫోకస్ రెండు వేర్వేరు చోట్ల ఉంటుందని గుర్తుంచుకోండి. సాయంత్రం వెలుతురుండగానే దూరపు కొండ అంచు మీద 720 ఫిల్టర్‌తో లైవ్ వ్యూ పెద్దది చేసి ఫోకస్ చేసి లెన్స్ రింగ్ మీద టేప్‌తో ఒక గుర్తు పెట్టండి. చీకటి పడ్డాక వెనక కట్ ఫిల్టర్‌తో ప్రకాశవంతమైన నక్షత్రం మీద ఇంకో గుర్తు. రింగ్ ఎలక్ట్రానిక్ అయితే టేప్ గుర్తు పనికిరాదు, ఫోకస్ దూరం గుర్తుపెట్టుకునే సదుపాయం కెమెరాలో ఉంటే వాడండి, లేకపోతే ప్రతిసారీ నక్షత్రం మీదే చేసుకోండి. ఉష్ణోగ్రత పదిపదిహేను డిగ్రీలు పడిపోతే గుర్తులు జరుగుతాయి, మళ్లీ చూసుకోవాలి.

కలపడం గురించి: వెనక క్లిప్ ఫిల్టర్ ఉండగా ముందు 720 పెడితే రెండూ కలిసి దాదాపు ఏమీ దాటనివ్వవు. ఒకటి 690 పైన ఆపుతుంది, ఇంకోటి 720 కింద ఆపుతుంది. అంటే నేల ఫ్రేమ్‌కు క్లిప్ తీయాలి, లెన్స్ ఊడదీయాలి, ట్రైపాడ్ కదులుతుంది. అందుకని వరస ఇలా పెట్టుకోండి: అరోరా రాకముందే, చంద్రుడు నేల మీద పడుతుండగా, క్లిప్ లేకుండా 720తో నేల ఫ్రేములు పూర్తి చేయండి. తర్వాత లెన్స్ ఊడదీసి క్లిప్ పెట్టి మళ్లీ బిగించండి. ఫోకస్ మారడం వల్ల ఫ్రేమ్ కొలత కూడా స్వల్పంగా మారుతుంది, కొండ అంచును ఆధారం చేసుకుని అలైన్ చేయాలి.


నల్లకటకం:

చీకటిచూపు గారి లెక్కతో ఏకీభవిస్తాను, ఆ పనితో కాదు. వెన్నెల నేల తెల్లని అడవీ, పైన పచ్చని తెరా ఒకే క్షణంలో ఏ సెన్సరూ చూడలేదు. అలాంటి చిత్రం ప్రచురించేటప్పుడు రెండు తరంగ ప్రాంతాల కలయిక అని శీర్షికలోనే రాయాలి. అరోరా ఫొటోకు సాక్ష్యంగా కూడా విలువ ఉంది. నార్వే శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్ 1910లో నార్వేలోని బోసెకోప్ దగ్గర టెలిఫోన్‌తో కలిపిన రెండు స్థావరాల నుంచి ఒకేసారి ఫొటోలు తీసి, వెనకున్న నక్షత్రాలతో పోలిస్తే అరోరా తెర ఎంత జరిగిందో కొలిచి అరోరా ఎత్తు లెక్కగట్టాడు. ఇప్పటికీ మనం తీసే ఫ్రేములో నక్షత్రాలు, సమయం సరిగా ఉంటే అదే పని చేయొచ్చు. కెమెరా గడియారాన్ని సెకనుతో సహా సరిచేసుకోండి.


చీకటిచూపు:

శీర్షికలో రాయాలన్నది న్యాయమే, కాదనను. తీయడం మానాలన్నదానితో మాత్రం ఒప్పుకోను. చెప్పి చూపించిన కలయికలో దాపరికం లేదు.

ధ్రువతార గారూ, అరోరా ఎక్స్‌పోజర్ ఇంకా ఎవరూ చెప్పలేదు. వెన్నెల లేని రాత్రి, ఎఫ్/1.8 లేదా ఎఫ్/2, ఐఎస్ఓ 1600, వైట్ బ్యాలెన్స్ 3800 కెల్విన్ దగ్గర కదలకుండా, రా, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ (ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేము తర్వాత అంతే సేపు కెమెరా చేతులు కట్టేస్తుంది). షట్టర్ మాత్రం అరోరా నడకను బట్టి. ఉత్తరాన కదలకుండా వేలాడే పలచని చాపానికి 8 నుంచి 12 సెకన్లు. గీతలు గీతలుగా విడిపడి జరుగుతుంటే 3, 4. నెత్తిమీద కిరీటంలా విరిస్తే 1 సెకను, ఇంకా తక్కువ. ఆ సమయంలో కింది అంచున గులాబీ రంగు పరుగెత్తుతుంది, 100 కిలోమీటర్ల కిందికి దిగిన ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌ను తాకినప్పుడు వచ్చేది. 5 సెకన్లు తెరిచి ఉంచితే ఆ గులాబీ పచ్చలో కలిసి తెల్లటి ముద్ద అవుతుంది. ఎరుపుకు ఈ తొందర లేదు. 630 గీతను ఇచ్చే స్థితిలో ఆక్సిజన్ దాదాపు 110 సెకన్లు నిలవగలదు. అందుకే పలచని గాలి ఉన్న పైఎత్తుల్లోనే అది బతుకుతుంది, నెమ్మదిగా మారుతుంది. ఆకుపచ్చకు ఆ సమయం 0.7 సెకను.

సగటు హిస్టోగ్రామ్‌ను నమ్మొద్దు. సగటు మధ్యలో కనబడుతుండగానే ఆకుపచ్చ చానెల్ కుడి గోడకు తగిలి ఉంటుంది. మూడు చానెళ్లు విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోండి, తెర వెలుతురు కనిష్ఠానికి తగ్గించుకోండి. చీకటిలో వెలిగే తెర మీద తక్కువ ఎక్స్‌పోజర్ ఫ్రేము కూడా బాగున్నట్టే అనిపిస్తుంది.

ఎప్పుడు బయటికెళ్లాలి అంటే, ఆ అక్షాంశంలో కేపీ అంకె (భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడికి కొలత) వెంట పడకండి. అది 3 గంటలకొక అంకె, ప్రపంచం మొత్తానిది. కేపీ 2 చూపుతున్నా ట్రోమ్సో మీద మంచి ప్రదర్శన జరగవచ్చు. చూడాల్సింది సౌర గాలిలోని అయస్కాంత క్షేత్రపు బీజెడ్ భాగం (ఉత్తర దక్షిణ దిశలోనిది, మైనస్ అంటే దక్షిణం వైపు). అది మైనస్ 5 నానోటెస్లా లేదా అంతకన్నా కిందికి వెళ్లి, అరగంటైనా అక్కడే నిలిస్తే సిద్ధపడండి. కొలిచే ఉపగ్రహాలు సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంటాయి. సౌర గాలి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తే మీకు గంట, 800 అయితే అరగంట వ్యవధి. ఆ తర్వాత నేల మీది మ్యాగ్నెటోమీటర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు) చూడండి, ట్రోమ్సో, కిరూనా రెండు చోట్లా ఉన్నాయి. గీత ఒక్కసారిగా పడిపోతే అప్పటికే మొదలైనట్టు. ఆకాశంలో గుర్తు ఇది: నిశ్చలంగా ఉన్న చాపం దక్షిణానికి జరుగుతూ, కింది అంచు పదునెక్కి, మడతలు పడటం మొదలుపెడుతుంది. అది చూడగానే షట్టర్ 2 సెకన్లకు దించేయండి, అరోరా తెర విరిగాక మార్చుకుందామంటే వేళ్లు అందుకోలేవు. రాత్రి 10 నుంచి 1 వరకు ఎక్కువ అవకాశం. మబ్బుల విషయంలో అబిస్కోకు కొండల వెనక ఉండటం కలిసొస్తుంది. అట్లాంటిక్ తేమ నార్వే వైపే కురిసిపోతుంది, అబిస్కోలో ఏటా వర్షపాతం 300 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే. ఉన్న రాత్రుల్లో ఎక్కువ భాగం అక్కడ పెట్టుకుని, తీరంలో తక్కువ పెట్టుకోండి.


ఆకుతెలుపు:

ఒక్క చేర్పు. సెప్టెంబర్‌లో బ్యాటరీని చంపే చలి ఉండదు, మీ శత్రువు మంచు బిందువులు. సరస్సు ఒడ్డున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగేసరికి ముందు గాజు నెమ్మదిగా మసకబారుతుంది. మీ 14 ఉబ్బెత్తు గాజుకు ఇది ఇంకా ఎక్కువ, అంత గాజు ఆకాశానికి తెరిచి ఉంటుంది. ఫొటోల్లో మొదట నక్షత్రాల చుట్టూ చిన్న కాంతి వలయం వస్తుంది, దాన్ని పలచని మబ్బు అనుకుని వదిలేయొద్దు. యూఎస్‌బీ హీటర్ పట్టీని ముందు గాజుకు దగ్గరగా, ఫోకస్ రింగ్ తగలకుండా చుట్టి, కెమెరా బయటపెట్టిన నిమిషం నుంచే కనిష్ఠ వేడిలో ఆన్ చేయండి. మసకబారాక ఆన్ చేస్తే తేలడానికి చాలా సేపు పడుతుంది, గుడ్డతో తుడిస్తే నిమిషాల్లో మళ్లీ పడుతుంది. పవర్ బ్యాంక్ జేబులో ఉంచుకోండి. గదిలోకి తిరిగొచ్చేటప్పుడు బయటే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసి, లోపల రెండు గంటలైనా తెరవకుండా ఉంచండి. మెమరీ కార్డు మాత్రం సంచి మూయకముందే తీసుకోండి.